రాధామనోహరం అంటు

ఆగమయ్యకు గురువు చెప్పిన మాటలన్నీ నోటికి వచ్చు. ఏ తత్త్వం తర్వాత ఏ తత్త్వం పాడాలో, ఏ మాట దగ్గర ఆగి జనం మొహాల్లోకి చూడాలో కూడా వచ్చు. పన్నెండేళ్ళ పాటు వింటే రాకుండా ఎలా ఉంటాయి? అయినా మోతుకుపల్లెలో ఒక ముసలమ్మ అడిగిన చిన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేకపోయింది.

ఆగమయ్య పశువుల దవాఖానలో కాంపౌండరు. నలభై ఐదేళ్ళ మనిషి. పొద్దంతా బర్రెలకూ మేకలకూ సూదులు వేసి, సాయంత్రం చేతులు కడుక్కుని గురువు బాలనర్సయ్య ఇంటికి వెళ్ళేవాడు. బాలనర్సయ్య నేత మనిషి. కాషాయం కట్టలేదు, ఆశ్రమం పెట్టలేదు. రెండు గదుల పెంకుటిల్లు ఆయనది. ముందుగదిలో గుంటమగ్గం. ఆయన నేస్తూనే మాట్లాడేవాడు, ఒక్కోసారి పాడేవాడు. శిష్యులు చాప మీద కూర్చుని వినేవాళ్ళు.

ఇంటి ముందు గోడ మీద రాధామనోహరం తీగ ఉండేది. దాని పూలు సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తెల్లారేసరికి గులాబీ రంగుకు తిరిగి, ఆ మర్నాటికి ఎర్రబడేవి. మూడు రంగులూ ఒకే గుత్తిలో కనిపించేవి. ఆ తీగను చూసుకునేది గురువు భార్య సత్తెమ్మ.

మోతుకుపల్లె అక్కడికి బస్సులో గంట దూరం. ఆ ఊరి వాళ్ళు సోమవారం సోమవారం కూడి తత్త్వాలు పాడుకుంటారు. నెలకొకసారి బాలనర్సయ్య వెళ్ళి కూర్చునేవాడు. మోకాళ్ళ నొప్పులు ముదిరి బస్సు మెట్లు ఎక్కలేని రోజు వచ్చాక, తన బదులు ఆగమయ్యను పంపాడు.

ఆగమయ్య సంబరపడ్డాడు. ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్ళాడు. దుర్గవ్వ ఇంటి ముందు పందిరి కింద అందరూ కూర్చున్నారు. గంటసేపు మాట్లాడాడు. ఎక్కడా తడబడలేదు. "అచ్చం గురువుగారు కూసొని చెప్పినట్టే ఉన్నది" అన్నారు జనం. ఆ మాట అతనికి చక్కెర తిన్నట్టు అనిపించింది.

అందరూ లేచి వెళ్తుంటే దుర్గవ్వ దగ్గరికి వచ్చింది. అరవై ఐదేళ్ళ మనిషి. ఆ పందిరి వేసింది ఆమె పెనిమిటి సాయిలు. అతను పోయి ఏడాది దాటింది.

"అయ్యా, ఒక మాట అడుగుతా" అన్నది. "పొద్దున లేవంగనే చాయ్ పెడుత. రెండు గ్లాసులల్ల పోస్త. ఆయన లేడని తెలుసు. చెయ్యి ఊకుంటలేదు. పోసినంక యాదికొస్తది. ఆ రెండో గ్లాసు ఏం చేయాలె?"

ఆగమయ్య ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "కుండ పగులుతది గని, కుండల ఉన్న ఆకాశం పగలదవ్వా. పోయింది కుండ. సాయిలన్న ఎటు పోలేదు."

దుర్గవ్వ తల ఊపింది. "మాట మంచిగున్నది. మొన్న ఎండకాలంల గురువుగారు వచ్చినప్పుడు గూడ ఇదే చెప్పిండు." ఏ కోపమూ లేకుండా మళ్ళీ అడిగింది. "మరి గ్లాసు ఏం చేయాలె?"

ఆగమయ్య నోరు తెరిచాడు. ఆఖరి బస్సు వచ్చిందని ఎవరో పిలిస్తే, బతుకుజీవుడా అనుకుంటూ వెళ్ళి ఎక్కాడు.

మర్నాడు పొద్దున్నే గురువు ఇంటికి వెళ్ళాడు. బాలనర్సయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, తెగిన పోగు అతుకుతున్నాడు. ఆగమయ్య జరిగిందంతా చెప్పాడు. దాచుకోలేదు.

"అవును, నన్ను గూడ అడిగింది" అన్నాడు గురువు.

"ఆమెకు ఏం చెప్పాలె, గురువుగారు?"

బాలనర్సయ్య పోగు ముడివేసి, కొసలు పళ్ళతో కొరికి, అప్పుడు తలెత్తాడు. "దుర్గవ్వ పందిరి బోడిగున్నది. మన రాధామనోహరం అంటు ఒకటి తయారుజెయ్. అది పట్టినంక తీసుకపోదువు గని. అప్పటిదాంక మోతుకుపల్లెకు పోకు."

ఆగమయ్య అడిగింది అది కాదు. కానీ గురువు మళ్ళీ నేతలో పడ్డాడు. పోగును మోసుకుంటూ నాడె ఇటూ అటూ పోతుంటే ఇక మాట కలిపే వీలు లేదు.

బయటికి వచ్చి తీగను పైనుంచి కిందిదాకా చూశాడు. అన్నిటికంటే బాగా పూసిన కొమ్మను ఎంచుకున్నాడు. జానెడు పొడవు కోసి, ఇంటికి తీసుకెళ్ళి, పాత రంగు డబ్బాలో ఎర్రమట్టీ పెంటా కలిపి నాటాడు. పూలు రెండో రోజుకే రాలిపోయాయి. వారానికి కొమ్మ నల్లబడింది.

సత్తెమ్మ విని నవ్వింది. "పూసే కొమ్మను ఎవరన్న కోస్తరా, బిడ్డా? అది పువ్వు ధ్యాసల ఉంటది. ముదరకుండ లేతగుండకుండ, పెన్సిలు మందం కొమ్మ చూడు. కింది ఆకులు తుంచెయ్. నీడకు పెట్టు."

ఈసారి అలాగే చేశాడు. జ్యేష్ఠం వానలు పడుతున్నాయి. పొద్దునా సాయంత్రమూ డబ్బా దగ్గర కూర్చునేవాడు. ఇరవై రోజులకు కణుపు దగ్గర రెండు చిగుళ్ళు వచ్చాయి. మరో వారానికి ఆరు ఆకులు. లేతగా, ఎర్రటి ఆకుపచ్చలో, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఆగమయ్య డబ్బాను సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని గురువు ఇంటికి బయల్దేరాడు. దారిలో కనిపించిన ఇద్దరికి చూపించాడు కూడా.

బాలనర్సయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. చాప మీద నలుగురైదుగురు శిష్యులు ఉన్నారు.

"పట్టింది, గురువుగారు" అని డబ్బా ముందు పెట్టాడు ఆగమయ్య.

గురువు ఆకులను చూశాడు. వేలితో ఒక ఆకు నిమిరాడు. తర్వాత రెండు వేళ్ళతో కొమ్మను పట్టుకుని, అన్నంలోంచి కరివేపాకు తీసినట్టు, తేలిగ్గా పైకి తీశాడు. అది సులువుగా వచ్చేసింది. కింది కొస గోధుమరంగుకు తిరిగి ఉంది. ఒక్క వేరు లేదు.

గురువు ఆ కొమ్మను ఆగమయ్య చేతిలో పెట్టాడు. "ఈ ఆకులు నీ డబ్బాల మొలిచినయ్ గని," అన్నాడు, "ఇవి ఇంకా మా గోడ మీదియే."

ఆగమయ్యకు చెవులు వేడెక్కాయి. అంతమందిలో అలా పీకి చూపించాలా అనిపించింది. కాసేపు ఉండి, పని ఉందని చెప్పి ఇంటికి వచ్చేశాడు.

ఆ సాయంత్రం భార్య సుగుణ దగ్గర మొరపెట్టుకున్నాడు. పన్నెండేళ్ళ సేవ, ఒక్క రోజు నాగా లేని రాకపోకలు, నోటికి వచ్చిన నూట పదహారు తత్త్వాలు, అన్నీ ఏకరువు పెట్టాడు. సుగుణ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

"నేనొకటి చెప్తా, కోపానికి రావద్దు" అన్నది చివరికి. "గురువుగారికి దగ్గున్నది. నూలు దుమ్ముకు వచ్చిన దగ్గు. మాట మధ్యల ఆగి దగ్గుతడు. నువ్వు గూడ తత్త్వం చెప్పేటప్పుడు అక్కడక్కడనే ఆగి దగ్గుతవ్. నీకేం దగ్గున్నది?"

ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ ఆగమయ్యకు తన గొంతు తనకే వినిపిస్తున్నట్టు ఉంది. ఉప్పు అడగడానికి కూడా వెనకాడాడు.

వారం రోజులు గురువు ఇంటి వైపు వెళ్ళలేదు. ఎనిమిదో రోజు కాళ్ళు వాటంతట అవే అటు తిరిగాయి. బాలనర్సయ్య ఏమీ జరగనట్టే "వచ్చినవా" అన్నాడు. గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ సత్తెమ్మ ఒక కొత్త మట్టికుండీ నింపి పెట్టింది.

గురువు తీగలోంచి పొడవాటి కొమ్మ ఒకటి ఎంచి, విరగకుండా మెల్లగా వంచి, కుండీ మీదికి తెచ్చాడు. "సూది వేసే చెయ్యి నీది. ఈ కణుపు కింద గాటు పెట్టు. సగం దాంకనే."

ఆగమయ్య బ్లేడు తీసుకుని వాలుగా గాటు పెట్టాడు. "కోసెయ్యొద్దా, గురువుగారు?"

"వద్దు. తల్లి మీదనే ఉండనియ్."

గాటు మళ్ళీ మూసుకుపోకుండా సత్తెమ్మ అందులో చీపురుపుల్ల ముక్క ఇరికించింది. ఆ కణుపును మట్టిలో పాతి, పైన ఒక రాయి పెట్టారు. కొమ్మ ఒక కొస గోడ మీది తీగతోనే ఉంది. రెండో కొస కుండీ అవతల తల పైకెత్తింది. మధ్యలో కొంచెం మట్టిలో ఉంది.

"ఎన్ని రోజులు పడుతది?" అని అడిగాడు ఆగమయ్య.

"దానికి ఎరుక" అన్నాడు గురువు. "నువ్వు తడి చూసుకో. రాయి మాత్రం లేపకు."

అలా శ్రావణం మొదలైంది. ఆగమయ్య రోజూ వచ్చేవాడు. మట్టి మీద వేలు పెట్టి చూసి, ఎండితే నీళ్ళు పోసేవాడు. తర్వాత చాప మీద ఒక పక్కన కూర్చునేవాడు. అంతకు ముందు గురువు తత్త్వం ఎత్తుకోగానే రెండో చరణం తను అందించేవాడు. ఎవరైనా తప్పు పాడితే వెంటనే దిద్దేవాడు. ఇప్పుడు నోరు మెదపడం లేదు. మిగతావాళ్ళు అతనికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. మొదట్లో అది అలకే. రానురాను అలక కూడా మరిచిపోయాడు. ఊరికే కూర్చుని వింటుంటే, తను ఎప్పుడో బట్టీపట్టిన మాటల్లో కొన్ని తనకు అర్థమే కాలేదని తెలిసింది. దానికి అతనికి బాధ కలగలేదు. ఏదో బరువు దించినట్టే అనిపించింది.

భాద్రపదంలో ఒక రోజు దవాఖానకు ఒక రైతు ట్రాలీలో బర్రెను తెచ్చాడు. డాక్టరు చూసి చేయి దాటిపోయిందన్నాడు. రైతు ట్రాలీ చక్రం పక్కన కూలబడ్డాడు. ఆగమయ్య అతని దగ్గరికి వెళ్ళాడు. కుండ మాట, ఆకాశం మాట నాలుక చివరిదాకా వచ్చాయి. ఎందుకో బయటికి రాలేదు. అతని పక్కన కూర్చుని, "ఎన్ని ఈతలు ఈనింది?" అని అడిగాడు.

"నాలుగు" అన్నాడు రైతు. ఆ తర్వాత ఆ బర్రె గురించి చాలాసేపు చెప్పాడు. పిడుగు పడ్డ సాయంత్రం తాడు తెంపుకుని తనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన సంగతి, తన బిడ్డ చేతికి తప్ప పాలివ్వని సంగతి. ఆగమయ్య విన్నాడు. ఆ ముచ్చట గురువుకు చెప్పలేదు. చెప్పదగ్గ విషయమని అతనికి తోచలేదు.

కార్తీకం వచ్చింది. ఒక పొద్దున గురువు తనే కుండీ దగ్గరికి వచ్చి, రాయి తీసి పక్కన పెట్టాడు. కొమ్మను పట్టుకుని మెల్లగా లాగాడు. అది రాలేదు. ఇంకొంచెం లాగాడు. కుండీలో మట్టి కదిలింది గానీ కొమ్మ కదల్లేదు.

గురువు బ్లేడు ఆగమయ్యకు ఇచ్చాడు. "ఇప్పుడు కోసెయ్."

ఆగమయ్య తీగ వైపు చూశాడు. కొమ్మ వైపు చూశాడు. రోజుకు పది పశువులకు సూది పొడిచే చెయ్యి ఆగింది. "మీరు కోస్తే బాగుంటది, గురువుగారు."

"నాకు చేతులు వణుకుతయ్" అన్నాడు బాలనర్సయ్య. ఆయన చేతులు ఎన్నడూ వణకలేదు. వెంట్రుకంత సన్నటి నూరో నంబరు నూలు పోగును మగ్గం పన్నె సందులో నుంచి ఒక్క తడవలో దూర్చే చేతులవి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆగమయ్య కోశాడు.

సాయంత్రానికి ఆకులు వాలిపోయాయి. పరుగున వెళ్ళి సత్తెమ్మను పిలిచాడు. ఆమె వచ్చి చూసి, పై ఆకులు కొన్ని తుంచి, కుండీని వసారా నీడకు జరిపింది. "బెంగ పెట్టుకున్నది. ఇన్ని రోజులు తల్లి దగ్గర తాగింది గద. తనకు తాను తాగుడు ఇప్పుడు నేర్చుకుంటది. నువ్వు దాని మొకం ఎంత చూసినా అంతే. పోయి బువ్వ తిను."

మూడో రోజుకు ఆకులు లేచాయి. పదిహేను రోజులకు కొత్త చిగురు వేసింది. ఈసారి గురువు దాన్ని పీకి చూడలేదు. "ఇగ పో" అన్నాడు.

ఆగమయ్య సెలవు పెట్టి, పొద్దున మొదటి బస్సు ఎక్కాడు. కుండీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎండ ఎక్కకముందే నాటాలని అతని తాపత్రయం. దుర్గవ్వకు ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించాడు. మోతుకుపల్లె వచ్చింది గానీ ఏమీ తోచలేదు.

అతను వెళ్ళేసరికి దుర్గవ్వ పొయ్యి దగ్గర ఉంది. అతన్ని చూసి "కూసో అయ్యా" అన్నది. రెండు గ్లాసులు గడప మీద ఉన్నాయి. రెండిట్లోనూ చాయ్ పోసి ఉంది. అతను వస్తాడని ఆమెకు తెలియదు.

ఆగమయ్య కుండీ పందిరి గుంజ పక్కన పెట్టి, అరుగు మీద కూర్చున్నాడు.

"అవ్వా, నువ్వు అడిగిన దానికి నాకు జవాబు తెల్వదు" అన్నాడు. "ఆర్నెల్లాయె. ఇప్పటికీ తెల్వదు."

దుర్గవ్వ నొచ్చుకోలేదు. "పోనియ్ అయ్యా" అని తన గ్లాసు అందుకుంది.

ఆగమయ్య రెండో గ్లాసు వైపు చూశాడు. సన్నగా పొగలు వస్తున్నాయి. "సాయిలన్న చాయ్ ఎట్ల తాగెటోడు?" అని అడిగాడు.

దుర్గవ్వ చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"గ్లాసుల తాగకపోయేటోడు" అన్నది. "సాసర్ల పోసుకునేటోడు. మూడుసార్లు ఊదేటోడు. చల్లారినా సరే మూడుసార్లు ఊదాలె. చక్కెర తక్కువైందని నలభై రెండేండ్లు అన్నడు. నేను వేసిందే వేసిన." ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒకసారి పంతానికి నాలుగు చెంచాలు వేసిచ్చిన. మొత్తం తాగిండు. తాగి, ఇప్పుడు జర దారికొచ్చింది అన్నడు."

ఆగమయ్య కూడా నవ్వాడు.

దుర్గవ్వ చెబుతూనే ఉంది. పెళ్ళయిన కొత్తలో అత్తకు తెలియకుండా ఇద్దరూ ఒకే గ్లాసులో తాగిన సంగతి, పంట పోయిన ఏడాది బెల్లం చాయ్‌తో గడిపిన సంగతి, దవాఖానలో చివరి రోజు చాయ్ అడిగితే డాక్టరు వద్దన్నా చెంచాతో పెదవులు తడిపిన సంగతి. ఎండ పందిరి మీదికి ఎక్కింది. రెండో గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది.

"ఈ ముచ్చట్లు నన్నెవరు అడగలే" అన్నది చివరికి. "అందరు మరిచిపో మరిచిపో అన్నోళ్ళే." ఎదురింటి వైపు చూసింది. "మణెమ్మ ఒక్కతే ఉంటది ఆ ఇంట్ల. ఒక్కదాని కోసం పొయ్యి ఎవరు ముట్టిస్తరని పొద్దున చాయే తాగది. రేపటి సంది ఆమెను పిలుస్త. ఎట్లాగు పోస్తనే ఉన్న గద."

ఆగమయ్య లేచాడు. గడ్డపార అడిగి తీసుకుని పందిరి గుంజ మొదట్లో గుంత తీశాడు. దుర్గవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇద్దరూ కలిసి అంటు నాటారు. ఇది ఎప్పుడు పూస్తుందని ఆమె అడిగింది. వచ్చే వానాకాలానికి పందిరి సగం దాకా వస్తుందన్నాడు.

తిరుగు బస్సు దిగి నేరుగా గురువు ఇంటికి వెళ్ళాడు. బాలనర్సయ్య మగ్గం మీద ఉన్నాడు. ఆగమయ్య చాప మీద కూర్చున్నాడు.

"నాటినవా?"

"నాటిన, గురువుగారు."

"దుర్గవ్వకు ఏం చెప్పినవ్?"

"ఏం చెప్పలే. తెల్వదని చెప్పిన. సాయిలన్న చాయ్ ఎట్ల తాగెటోడని అడిగిన." ఆగమయ్య జరిగింది జరిగినట్టు చెప్పాడు. సాసరు సంగతి, చక్కెర పంతం, మణెమ్మ సంగతి. ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు.

నాడె ఆగింది. బాలనర్సయ్య కాళ్ళు గుంటలోంచి ఒక్కొక్కటే పైకి తీసి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి, చాప మీద ఆగమయ్యకు ఎదురుగా కూర్చున్నాడు. పన్నెండేళ్ళలో ఆయన పొద్దు ఉండగా నేత ఆపి కిందికి రావడం ఆగమయ్య చూడలేదు.

"ఆ మాట నాకు తోచలే" అన్నాడు గురువు. "మళ్ళోసారి చెప్పు, ఆగమయ్యా. మెల్లగ చెప్పు."

ఆగమయ్య మొదటినుంచి చెప్పాడు.